కూలీ సూరిబాబు

రాయపూర్,
14 జనవరి 1946

వదినకు పార్వతమ్మ దండాలు.

పాప రమణ బాగుంది. నేనెలా ఉన్నానో ఈ ఉత్తరం చదివాక మీకే తెలుస్తుంది.

మొన్న బొగ్గు యార్డులో తట్ట మోస్తుంటే పైడమ్మత్త ఎదురొచ్చింది. ఆవిడ మీకు తెలుసు, మన గరివిడి వైపు మనిషే. ఆవిడ కొడుకు పరదేశి మీ తమ్ముడితో పాటే అస్సాం వెళ్లాడు, ఒకే బాంబు కింద ఇద్దరూ పోయారు.

"పార్వతీ, కలబ్బు ముందల రాయి పాతతన్నారట. యుద్దంలో సచ్చిపోనోల పేర్లన్నీ సెక్కిత్తారట. మనోల పేర్లు ఎవులైనా ఇచ్చినారో లేదో, ఎల్లి అడుగుదాం రాయే" అంది.

తట్ట అక్కడే దించేసి ఆ దొరల క్లబ్బుకు వెళ్లాం. మాతో పనిచేసే ఫిరంతిన్ కూడా వచ్చింది. ఇక్కడి మనిషి, ఛత్తీస్‌గఢీ తప్ప మరో భాష రాదు. ఆమె భర్త బుధారు కూడా మన వాళ్లు పనిచేసిన పటాలం కూలీ కంపెనీలోనే పోయాడు. రాయి పాతుతున్నది ఊరి పెద్దలంతా కలిసి పెట్టుకున్న స్మారక కమిటీ. దాని సెక్రటరీ మా మాట సగం విని చెయ్యి ఊపేశాడు.

"యే సిపాహియోం కా పత్థర్ హై బాయీ, కూలియోం కా నహీఁ."

సిపాయిల రాయట. కూలీలది కాదట.

వదినా, నేను ఊరుకోలేకపోయాను. "సాబ్, తీసుకెళ్లేటప్పుడు ఖాకీ నిక్కరు మీరే తొడిగారు, మెడలో నంబరు బిళ్ల మీరే కట్టారు, పారిపోతే తుపాకీతో కాలుస్తామని మీరే చెప్పారు. అప్పుడు సిపాయి, చచ్చాక కూలీనా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆయన ప్యూనును పిలిచి మమ్మల్ని బయటికి పంపించాడు.

మణిపూర్ రోడ్డు స్టేషను దగ్గర మీ తమ్ముడు ఎలా పోయాడో ప్రాణాలతో తిరిగొచ్చిన మేస్త్రి మాకు చెప్పాడు. విమానాలు వస్తున్నాయని కొమ్ము ఊదితే అందరూ గోతుల్లోకి దూకారు. తెగిన పట్టా కలపకపోతే వెనకాల వస్తున్న ఆస్పత్రి రైలు పడిపోతుందని మన వాళ్లు మాత్రం లైను మీదే ఉండిపోయారు. పట్టా కలిసింది, రైలు ఆగకుండా దాటిపోయింది. రెండోసారి తిరిగొచ్చిన విమానం వీళ్ల మీద బాంబు వేసింది.

ఇది రాయి మీద చెక్కవలసిన మాట కాదా? మీరొకసారి రండి వదినా. తోడబుట్టినవారు పక్కన నిలబడితే నా మాటకు బలం వస్తుంది.

పార్వతి

*

బొబ్బిలి,
2 ఫిబ్రవరి 1946

పార్వతికి,

నీ ఉత్తరం ఇంట్లో చదవకుండా పొలం గట్టు మీద కూర్చుని చదివాను. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా విను.

సూరిబాబు పోయాడని కబురొచ్చినప్పుడు అమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. అరుగు మీద గోడకు తిరిగి పడుకుంది. నాకు దిక్కుతోచక ఒక మాట అనేశాను. "అమ్మా, నీ కొడుకు ఉత్తినే సచ్చిపోలేదే. హవల్దారయ్యాడు. తుపాకీ పట్టి జపానోలని ఆపి మరీ సచ్చిపోయాడు" అన్నాను. అప్పటికి లేచి కూర్చుంది. మర్నాడు గంజి తాగింది. వీధిలో వాళ్లు విన్నారు. ఇప్పుడు అమ్మను అందరూ హవల్దారు తల్లి అంటున్నారు. కోవెల దగ్గర ముందు వరసలో చోటిస్తున్నారు. ఇంతకు ముందు మనకు ఆ వరస ఎక్కడిది?

నువ్వక్కడ మా ఆయన కూలీ, మా ఆయన కూలీ అని ఊరంతా వినేలా అరుస్తున్నావు. రాయపూర్ బండి రోజూ ఇక్కడికే వస్తుంది పార్వతీ. దాంట్లో మన వాళ్లే వస్తారు. ఒక్కరు ఆ మాట మోసుకొచ్చినా అమ్మ మళ్లీ గోడకు తిరుగుతుంది.

నేను రాను. నువ్వు కూడా ఆపెయ్యి. పోయినవాడు రాయి మీద రాస్తే వస్తాడా? బొగ్గు పని ఉంది, తలదాచుకోను గది ఉంది. పిల్లను పెంచుకో.

నీ వదిన
చిన్నమ్మ

*

రాయపూర్,
20 మార్చి 1946

వదినకు దండాలు.

అత్తమ్మ గురించి మీరు రాసింది చదివి ఏడ్చాను. మీరు చేసింది తప్పని నేను అనను. నేను ఆపలేదు మరి. ఏం జరిగిందో మీకు తెలియాలి.

మేం పని దిగాక రోజూ వెళ్లి కమిటీ గేటు దగ్గర కూర్చున్నాం. మొదట ముగ్గురం. తర్వాత కూలీ కంపెనీలో మనుషుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వంటవాడి పెళ్లాం వచ్చింది, కంచరగాడిదలు తోలినవాడి తల్లి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు, ఊరికే కూర్చున్నాం. లోపలికి వెళ్లే పెద్దమనుషులు చీరల అంచులు దాటుకుని వెళ్లవలసి వచ్చింది.

చివరికి మా బొగ్గు కాంట్రాక్టరు నన్ను పిలిపించాడు. ఆయన కూడా కమిటీలో ఉన్నాడు. రాయి ఆయన సొంత ఖర్చు. కుర్చీ వేయించాడు వదినా! ఆయన ముందు నేనెప్పుడైనా కూర్చున్నానా?

"నీ మొగుడి పేరు చెక్కిస్తాను. సిపాహీ సూరిబాబు అని. గెలుపు పండగ రోజు నీకు శాలువా కూడా కప్పిస్తాను. ఈ ఆడవాళ్లని ఇంటికి తోలెయ్యి" అన్నాడు.

"మిగతా వాళ్ల పేర్లు?"

"అన్ని పేర్లకు రాయి సరిపోదు."

బయటికొచ్చి పైడమ్మత్తకు చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని, "ఒప్పేసుకోయే అమ్మా. ఒకడి పేరైనా ఉంటాది గదా. ఆ పేరు సూసినప్పుడు మావోడు కూడా దాని ఎనకాలే ఉన్నాడనుకుంటాను" అంది.

ఆ మాట వినకపోతే ఒప్పుకునేదాన్నేమో. విన్నాక నా వల్ల కాలేదు. లోపలికి తిరిగి వెళ్లి చెప్పాను. రాస్తే అందరి పేర్లూ రాయండి, రాసేటప్పుడు కూలీ అనే రాయండి. ఆయన తుపాకీ ఎప్పుడూ పట్టలేదు, పార పట్టాడు. చేయని పని పేరు పెట్టి చేసిన పనిని పూడ్చిపెట్టకండి అన్నాను. ఆయన కుర్చీ తీయించేశాడు.

మీకు కోపం వస్తుందని తెలుసు. అయినా దాచలేదు.

పార్వతి

*

బొబ్బిలి,
5 ఏప్రిల్ 1946

పార్వతమ్మకు,

రాయి మీద నా తమ్ముడి పేరు చెక్కుతామని పిలిచి మరీ చెబితే వద్దన్నావు. వాణ్ణి నేను చంకనేసుకుని పెంచాను. నువ్వు కాపురం చేసింది నాలుగేళ్లు. వద్దనే హక్కు నీకెవరిచ్చారు?

ఎవరో పైడమ్మ కొడుకు కోసం, భాష తెలియని ఎవరో మొగుడి కోసం మా వాడి పేరు గంగలో కలిపావు.

ఇంక నాకు ఉత్తరం రాయకు.

చిన్నమ్మ

*

రాయపూర్,
12 జూన్ 1946

వదినకు,

రాయొద్దన్నారు. ఈ ఒక్కటీ చదవండి. ఇష్టం లేకపోతే పొయ్యిలో వేయండి, ముందు మాత్రం చదవండి.

శనివారం రాయికి ముసుగు తీశారు. మైదానం నిండా జనం. గెలిచామని బడిపిల్లలకు లడ్డూలు పంచారు. తెల్లదొరలు, దొరసానులు, ఊరి సేఠులు కుర్చీల్లో కూర్చున్నారు. మమ్మల్ని తాడుకు ఇవతల నిలబెట్టారు. గొడవ చేద్దామని మేం వెళ్లలేదు వదినా, నిజంగా చెబుతున్నాను. తలా ఒక బంతిపూల దండ పట్టుకుని వెళ్లాం. రాయి దగ్గర పెట్టి వచ్చేద్దామనుకున్నాం. పోలీసు తాడు దాటనివ్వలేదు.

ఉపన్యాసాలు అయ్యాయి. వీరులు అన్నారు, త్యాగం అన్నారు. ఎండలో నిలబడి అన్నీ విన్నాం. అప్పుడు సెక్రటరీ లేచి, అమరుల కోసం అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నాడు. బూర ఊదారు. అందరూ తలలు వంచారు.

ఎక్కడో యార్డులో ఇంజను వెనక్కి జరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. వాళ్ల మౌనం వాళ్ల వాళ్ల కోసం. మా వాళ్ల మీద ఎప్పటినుంచో ఉన్నదే మౌనం, మళ్లీ కొత్తగా పాటించేదేముంది అనిపించింది. కడుపులోంచి వచ్చింది. ఆపుకోలేదు.

"కూలీ సూరిబాబు! బొబ్బిలి!" అన్నాను.

పెళ్లైన నాటి నుంచీ ఆ పేరు నా నోట రాలేదు వదినా. మీ తమ్ముడనో, రమణ నాన్న అనో అన్నాను గానీ పేరెత్తలేదు. మొదటిసారి పిలిచాను. పలుకుతాడేమో అన్నట్టు గట్టిగా పిలిచాను.

దొరలు తలలెత్తారు. నా పక్కనుంచి పైడమ్మత్త గొంతు, "కూలీ పరదేశి! గరివిడి! నా కొడుకు!" ఆ వెనక ఫిరంతిన్. వాళ్లలో కూడా ఆడది మొగుడి పేరు ఎత్తదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసేసింది. "మోర్ గోసైయా, బుధారు!" అని కేకేసింది. నా పెనిమిటి బుధారు అని. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. మైదానం అంతా పేర్లే. సెక్రటరీ చేతులూపుతూ "చుప్! చుప్!" అని అరిచాడు. మౌనం పాటించమని అరిచినవాడు ఆయనొక్కడే.

పోలీసులు మమ్మల్ని తోసుకుంటూ రోడ్డు దాకా తీసుకెళ్లారు. పైడమ్మత్త పడి మోచెయ్యి చీరుకుంది. రక్తం కారుతుంటే నవ్వుతోంది. "మావోడి పేరు దొర సెవిలో పడింది గదే" అంది.

సోమవారం మమ్మల్ని పనిలోంచి తీసేశారు. గదిలో సామాను వీధిలో పెట్టించారు. గుఢియారిలో ఫిరంతిన్ ఇంటి పక్కన తడికె కట్టుకుని ఉంటున్నాం. సున్నపు బట్టీలో పని దొరికింది. నా మీద జాలిపడకండి. ఆయన పోయాక ఈ రెండేళ్లలో కడుపు నిండా తిన్నది ఆ శనివారం సాయంత్రమే.

పార్వతి

*

బొబ్బిలి,
28 అక్టోబరు 1946

పార్వతీ,

రాయొద్దన్న నోటితోనే, కాదు, ఆ చేత్తోనే రాస్తున్నాను. నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. ఇంతకాలం జవాబు ఇవ్వలేక ఊరుకున్నాను.

బంగారయ్య అని మా కింద వీధి కుర్రాడు పటాలం నుంచి తిరిగొచ్చాడు. ఒక కాలు మోకాలి కింద లేదు. హవల్దారు తల్లికి దండం పెట్టుకుంటానని కర్ర ఊతంతో మా ఇంటికి వచ్చాడు. అమ్మ లోపల ఉంది. నేను అరుగు మీద ఉన్నాను.

"అక్కా, మీ వోడు ఏ పటాలం?" అని అడిగాడు.

పటాలం పేరు ఏం చెప్పాలి? అతని కాలు చూశాక అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. గొంతు తగ్గించి ఉన్నది చెప్పేశాను. మణిపూర్ రోడ్డులో లైను కూలీ అన్నాను.

అతను కర్ర గోడకు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "నాను ఆ లైను మీదే వొచ్చినానక్కా. కాలు తెగిపోయి ఆస్పత్రి బండిలో పడుకుని వొచ్చినాను. నాకు బయమేత్తే సేతిలో తుపాకీ ఉండీది. మీ తమ్ముడి సేతిలో ఏటుంది? పార. పార పట్టుకుని ఇమానం కింద నిలబడ్డం నా వల్లయితే కాదు."

అది ఏ రోజు బండో, సూరిబాబు కలిపిన పట్టా మీదే వచ్చిందో లేదో అతనికి తెలియదు, నాకూ తెలియదు. అడగలేదు.

లోపల అమ్మ అంతా వింటోంది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నిజమేటే సిన్నమ్మా? మావోడు తుపాకీ పట్నేదా?" అంది. లేదన్నాను. "ఎవుల్నీ సంపలేదా?" అంది. లేదన్నాను.

అమ్మ గుమ్మంలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది నన్ను. "మీ నాన్న కూలోడు. నాను కూలిదాన్ని. నా కొడుకు కూలోడైతే నాకు సిగ్గేటే? నీకు సిగ్గేసి నాకు అబద్దం సెప్పినావు. రెండేళ్లు! నా కొడుకు సేత్తో ఎందరు తల్లుల కొడుకులు సచ్చిపోనారో అని రోజూ దేవుడికి మొక్కుకుంటన్నాను. ఆ తల్లుల ఉసురు నా మనవరాలికి తగలకూడదని మొక్కుకుంటన్నాను. నీకేటి తెలుసే!"

ఆ అబద్ధంతో అమ్మకు అన్నం పెట్టాననుకున్నాను పార్వతీ. పెట్టింది భయం.

మర్నాడు అమ్మ కోవెల దగ్గర ముందు వరసలోకే వెళ్లి నిలబడింది. పక్కనున్న వాళ్లు హవల్దారు తల్లీ అని పలకరిస్తే, "హవల్దారు కాదు, కూలోడు. కూలోడి తల్లిని. జరగండి" అంది. ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. అమ్మ చోటు వదల్లేదు. నేను వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను.

నాలుగేళ్లు కాపురం చేశావని దెప్పాను. వాణ్ణి నాకంటే నువ్వే ఎక్కువ తెలుసుకున్నావు. అక్కడ కష్టంగా ఉంటే పిల్లను తీసుకుని వచ్చేయి. ఉన్నది పంచుకుందాం.

చిన్నమ్మ

*

రాయపూర్, గుఢియారి,
9 సెప్టెంబరు 1947

వదినకు, అత్తమ్మకు దండాలు.

మీరు రమ్మని ఏడాది కావస్తోంది. ఇప్పటికీ రాలేను. ఇక్కడ మొదలుపెట్టింది ఇక్కడే తేల్చాలి.

స్వరాజ్యం వచ్చింది. జెండా ఎగరేసిన రోజు మేం కూడా వెళ్లాం. రమణను భుజమెక్కించుకుని చూపించాను. పాత కమిటీ పోయి కొత్త కమిటీ వచ్చింది. దేశం కోసం పోయినవాళ్లకు చౌక్‌లో స్తంభం కడతారట. ఈసారి మనవాళ్లే కదా అని ధైర్యంగా వెళ్లాం. ఖద్దరు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి కూర్చోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు, మర్యాదగానే విన్నాడు.

చివరికి అన్నాడు, "బహన్‌జీ, వాళ్లు అంగ్రేజు యుద్ధంలో అంగ్రేజు కోసం చచ్చారు. స్వతంత్ర దేశం వాళ్ల పేరెలా రాస్తుంది?"

వదినా, అప్పుడు కూలీ అని కాదన్నారు. ఇప్పుడు తెల్లవాడి మనిషి అని కాదంటున్నారు. కాదనడానికి మాత్రం మాట దొరుకుతూనే ఉంది.

నేను లేచాను. "బాబూ, కరువు ఏడాది అది. ఇంట్లో గింజ లేదు. భర్తీ చేసుకునేవాడు బియ్యం ఇస్తానంటే ఆయన వెళ్లాడు. ఏ రాజు కోసమూ వెళ్లలేదు, మా కోసం వెళ్లాడు. ఆయన ఎవరి కోసం చచ్చాడో మీరూ మీరూ కూర్చుని తేల్చుకోండి. చచ్చింది మాత్రం నా మొగుడు" అన్నాను. ఫిరంతిన్‌కు నా హిందీ సగమే అర్థమైంది. అయినా నాతో పాటే లేచి, తాగని మంచినీళ్ల గ్లాసు బల్ల మీద ఠప్పున పెట్టింది.

బయటికొచ్చాక పైడమ్మత్త అంది, "ఆలని ఈలని బతిమాలడం సాలే. మనకి సేతుల్నేవా? మనం మొయ్యని రాయా?"

రాళ్ల గనిలో పనిచేసే రేజాలు, అంటే ఇక్కడి ఆడకూలీలు, నేలకు పరిచే ఫర్షీ పలక పెద్దది ఒకటి మా కోసం ఏరి పెట్టారు. ఫిరంతిన్ మరిది ఉలి పట్టగలడు. హిందీ అక్షరాలు అతను చెక్కుతాడు. తెలుగు పేర్లు నేను బొగ్గుతో రాస్తే వాటి మీదే చెక్కుతానన్నాడు.

అత్తమ్మను ఒక మాట అడగండి. కొడుకు పేరు కింద ఏం రాయమంటుందో.

పార్వతి

*

బొబ్బిలి,
1 డిసెంబరు 1947

పార్వతీ,

అమ్మను అడిగాను. "నాను సెప్పను, ఎల్లి నా సేత్తో సూపిత్తాను. టిక్కట్టు తియ్యి" అంది. ఎప్పుడూ రైలెక్కని మనిషి. వచ్చే వారం రాయపూర్ బండికి ఇద్దరం వస్తున్నాం. బంగారయ్య కూడా వస్తానంటున్నాడు, కర్రతో ఆ రద్దీలో ఎలాగో చూడాలి.

నేను వచ్చాక కోప్పడాలనుకుంటే కోప్పడు. పడతాను.

చిన్నమ్మ

*

రాయపూర్, గుఢియారి,
4 జనవరి 1948

వదినకు, అత్తమ్మకు దండాలు.

క్షేమంగా చేరారని కార్డు అందింది. మీరు వెళ్లిన మర్నాడే ఇక్కడ గొడవైంది. ఇప్పుడు సర్దుకుంది కాబట్టి రాస్తున్నాను.

పొద్దున నేను సున్నపు బట్టీకి బయల్దేరుతుంటే ఒక కానిస్టేబులు వచ్చాడు. మీరున్నప్పుడు మనమంతా కలిసి పాతిన రాయి చుట్టూ తిరిగాడు. రోడ్డు పక్క రాయి పాతడానికి ఎవరి హుకుం ఉంది అని గద్దించాడు. తడికెల్లోంచి ఆడవాళ్లందరూ బయటికొచ్చారు.

నేను అన్నాను, "సాబ్, వీళ్లు ఎవరి హుకుం మీద వెళ్లారో ముందు వాళ్లని అడిగి రండి. వాళ్లు జవాబు చెప్పాక మా హుకుం మేం చూపిస్తాం."

పీకిస్తానన్నాడు. పైడమ్మత్త పలకను ఆనుకుని కూర్చుని కాళ్లు బారజాపింది. ఫిరంతిన్ ఇవతల కూర్చుంది. రమణ అమ్మమ్మ ఒళ్లో అన్నట్టు పైడమ్మత్త ఒళ్లోకి ఎక్కింది. అందరం కూర్చున్నాం, ఆ రోజు ఎవరం పనికి పోలేదు. మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురు పోలీసులతో వచ్చాడు. మేం అలాగే ఉన్నాం. రోడ్డు మీద టాంగాల వాళ్లు ఆగారు, సంతకొచ్చినవాళ్లు ఆగారు. ఏమిటని అడిగినవాళ్లకల్లా ఫిరంతిన్ ఒక్కొక్క పేరూ వేలితో చూపించి చెప్పింది. ఆమెకు చదువు రాదు, ఏ పేరు ఎక్కడుందో మాత్రం తెలుసు. పోలీసులు గుంపును చూశారు, మమ్మల్ని చూశారు, సాయంత్రానికి వెళ్లిపోయారు. మళ్లీ వస్తారేమో. రానీండి. మేం ఎక్కడికీ పోం.

అత్తమ్మతో ఈ మాట చెప్పండి. "ఎవుల్నీ సంపలేదు, రైలు ఆగనివ్వలేదు" అని ఆవిడ చెక్కించిన మాట సంతకొచ్చిన జనం చేత మూడుసార్లు చదివించాను. తెలుగు రాని వాళ్లకు అర్థం చెప్పాను. వింటూ ఒకావిడ నేల మీద కూర్చుండిపోయింది.

నిన్న ఒక ముసలాయన వచ్చాడు. ఆరంగ్ అవతల ఏదో పల్లె, నడిచే వచ్చాడట. రాయిని తడిమి చూశాడు. తన కొడుకు బర్మా కొండల్లో కంచరగాడిదలు తోలాడనీ, తిరిగి రాలేదనీ, కాగితం కూడా రాలేదనీ ఛత్తీస్‌గఢీలో చెప్పాడు. అటూ ఇటూ చూసి, కింద ఇంకా జాగా ఉందా అని అడిగాడు.

ఉందన్నాను. రాయి చాలకపోతే ఇంకోటి మోసుకొస్తామన్నాను. బొగ్గుముక్క తీసుకుని పేరు చెప్పమన్నాను. ఆయన వంగి, ఎవరైనా వింటారేమోనని నా చెవి దగ్గర గొణిగాడు. నాకు వినబడలేదు.

ఫిరంతిన్ చేతిలో గంప కింద పెట్టి లేచి నిలబడింది.

"జోర్ సే బోల్, బబా" అంది. గట్టిగా చెప్పు అని.

పార్వతి